పెళ్ళయితేగాని పిచ్చి కుదరదా?

మూడు నెలల క్రితం నాకొక ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరాలెవరు రాస్తున్నారండీ? అందరూ ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి పంపేవాళ్ళే. అందుకని నీలం ఇంకుతో, రూళ్ళకాగితాల మీద రాసిన ఆ ఉత్తరం చూసేసరికి సంబరపడిపోయాను. కాఫీ కలుపుకుని వచ్చి తీరిగ్గా కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదవడం పూర్తయ్యేసరికి కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది.

రాసినావిడ నా పాఠకురాలు. ఎప్పుడో పన్నెండేళ్ళ కిందట నేను రాసిన ఒక సీరియల్ గురించి రాసింది. అందులో నాయకుడు ప్రేమలో దెబ్బతిని, మతి చలించి, గదిలోంచి బయటికి రాని స్థితికొస్తాడు. నాయిక తెలిసి తెలిసి అతణ్ణి పెళ్ళాడి, ఓర్పుతోనూ ప్రేమతోనూ మళ్ళీ మనిషిని చేస్తుంది. ఆఖరి వారం అతను మొదటిసారి నవ్వుతాడు, ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. సమాప్తం. అప్పట్లో "ఏడిపించేశారండీ" అని ఎంతమంది మెచ్చుకున్నారో! నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు?

ఈవిడ మాత్రం ఏడవలేదు. ఒక్క ప్రశ్న వేసింది. "మీ నవలలో అతనికి నయమైంది. తరవాత ఆమెకేమైంది?"

ఆవిడకి పెళ్ళయి పదకొండేళ్ళు. పెళ్ళిచూపులనాడు "అబ్బాయి కాస్త మితభాషి" అన్నారట. కాపరానికి వెళ్ళిన మూడో రోజున అలమరలో బట్టల వెనకాల మందుబిళ్ళల డబ్బా కనిపించింది. అత్తగారు చల్లగా ఆ డబ్బా తీసేసుకుని, "నువ్వొచ్చావుగా తల్లీ, ఇంక వాడికి ఇవెందుకూ?" అందట. ఆ మందుబిళ్ళల స్థానంలో అప్పటినించీ తానే ఉన్నానని రాసింది. ఆవిడ పేరూ ఊరూ నేను చెప్పను. మీరూ ఊహించనక్కరలేదు. అటువంటి ఇల్లు మీకు తెలిసినవాళ్ళలో ఒకటైనా ఉండే ఉంటుంది.

మనకో సామెత ఉంది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళికాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. ఎటూ తేలని వ్యవహారాన్ని ఎగతాళి చెయ్యడానికి పుట్టిన సామెత అది. కానీ మన పెద్దవాళ్ళు అందులో మొదటి సగం వదిలేసి, రెండో సగాన్ని వైద్యశాస్త్రం చేసేశారు.

ఆ ఉత్తరానికి జవాబు ఏమని రాయను? కలం పట్టుకుంటే కదలదు. అప్పుడు గుర్తుకొచ్చింది, మా అమ్మ ఎప్పుడూ చెప్పే సినిమా. సావిత్రి నర్సుగా వేసిన 'చివరకు మిగిలేది'. ఆ ప్రశ్న నాకంటే ఎంతో ముందే అడిగిన సినిమా అది.

పేరు చూసి ఇది బుచ్చిబాబు నవల అనుకునేరు. కాదు. ఆ నవల వేరు, ఈ కథ వేరు. ఈ కథ బెంగాలీ రచయిత అశుతోష్ ముఖోపాధ్యాయది. 1959లో అసిత్ సేన్ దర్శకత్వంలో సుచిత్రా సేన్ నాయికగా 'దీప్ జ్వేలే జాయ్' అని బెంగాలీలో తీశారు. మరుసటి సంవత్సరమే, 1960లో, గుత్తా రామినీడు తెలుగులో తీశారు. మళ్ళీ 1969లో అసిత్ సేనే హిందీలో 'ఖామోషీ' తీశాడు, వహీదా రెహ్మాన్‌తో. పదేళ్ళలో ఒకే కథ మూడు భాషల్లో, ముగ్గురు మహానటులతో వచ్చిందంటే దాంట్లో ఏదో పట్టు ఉండాలి కదా. ఈమధ్య మళ్ళీ చూశాను. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఏడ్చినదాన్ని, ఈసారి ఒళ్ళు మండి లేచాను.

కథ చూడండి. ఒక మానసిక వైద్యశాల. పెద్ద డాక్టరుగారు మంచివాడు, మేధావి. హిందీలో ఆయన్ని కల్నల్ సాబ్ అంటారు. ప్రేమలో భంగపడి మతి చలించిన యువకుల మీద ఆయన ఒక కొత్త ప్రయోగం చేస్తున్నాడు. రోగికి ప్రేమ కరువైంది కాబట్టి జబ్బు వచ్చింది. ప్రేమ దొరికితే పోతుంది. ఆ ప్రేమ నర్సు ఇవ్వాలి. నిజంగా కాదు సుమండీ, నటనగా! తల్లిలా లాలించాలి, ప్రియురాలిలా మురిపించాలి, రోగికి నయం కాగానే చిరునవ్వుతో సాగనంపి, దీపం ఆర్పి ఇంటికి పోవాలి. మొదటి రోగి విషయంలో ప్రయోగం అద్భుతంగా నెగ్గుతుంది. అతను కోలుకుని వెళ్ళిపోతాడు. వెళ్ళినవాడు నర్సు మనసు కూడా పట్టుకుపోయాడని డాక్టరుగారికి తెలీదు. తెలుసుకునే ప్రయత్నమూ చెయ్యడు. ఇంతలో రెండో రోగి వస్తాడు. ఆమె మొదట ఒప్పుకోదు. తరవాత ఒప్పుకుంటుంది. అతనికీ నయమవుతుంది. ప్రయోగం మళ్ళీ గెలిచిందని అందరూ సంతోషించే వేళకి ఆమె మనసు కాస్తా తెగిపోతుంది. తాను నటించలేదని, తనకి నటించడం చేతకాదని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఏ గదిలో రోగులకి సేవ చేసిందో ఆ గదిలోకే ఆమెను రోగిగా తీసుకెళ్తారు. తలుపులు మూసుకుంటాయి.

ఒప్పుకోవలసినవి ముందు ఒప్పుకోవాలి. ఇది గొప్ప సినిమా. మన సినిమాల్లో 'పిచ్చివాడు' అంటే ఎక్కువగా నవ్వించడానికో భయపెట్టడానికో పనికొచ్చే పాత్ర. ఈ సినిమా రోగిని మనిషిగా చూసింది. అంతకంటే పెద్ద సంగతి, సేవ చేసే ఆడదానికి కూడా మనసుంటుందని, అది అరిగిపోతుందని చెప్పింది. మా అమ్మ సావిత్రి గురించి చెబుతూ, "ఆ ఆఖరి సీనులో అందరూ రోగి వంక చూస్తారే, నేను మాత్రం మొదటినించీ ఆవిడ వంకే చూస్తున్నాను" అనేది. అమ్మ పెద్ద చదువులు చదవలేదు. కానీ ఆ కథలో డాక్టరుగారు చెయ్యని పని అమ్మ చేసింది.

మరి ఒళ్ళు మండడం ఎందుకంటారా? ఆ డాక్టరుగారి వైద్యాన్ని సినిమా గొప్ప శాస్త్రం కింద చూపిస్తుంది. మనం నమ్ముతాం. నేనూ నమ్మాను. అసలు శాస్త్రం ఏమందో చూస్తే కథ తలకిందులవుతుంది.

మాటలతో మనసుకి వైద్యం చెయ్యడమనేది మొదలైందే ఒక ఆడపిల్ల వల్ల. 1880లో వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరు దగ్గరికి 21 ఏళ్ళ బెర్తా పాపెన్‌హైమ్ వచ్చింది. తండ్రి జబ్బున పడితే రాత్రిళ్ళు మేలుకుని సేవ చేసి చేసి తానే మంచమెక్కిన పిల్ల. చెయ్యి పడిపోయేది, మాట పడిపోయేది. మనసులో ఉన్నది వరసగా చెప్పుకుంటూ పోతే తేలికపడేది. "పొగగొట్టం ఊడ్చుకోవడం" అని హాస్యంగా తనే ఆ పద్ధతికి పేరు పెట్టింది. తరవాత 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి రాసిన పుస్తకంలో ఆమె కథ మారుపేరుతో వచ్చింది. వైద్యం ఆగిన తరవాత కూడా ఆమె శానిటోరియంలో ఉండవలసి వచ్చింది. కానీ ఆవిడ కథ అక్కడ ఆగిపోలేదు. మెల్లగా కోలుకుని, అనాథ బాలికల ఆశ్రమం నడిపి, 1904లో జర్మనీలో యూదు మహిళల సంఘం స్థాపించి నాయకురాలైంది. 1954లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. సేవ చేసి జబ్బుపడిన ఆడది, ఎవరి ప్రేమ నటనా లేకుండానే లేచి నిలబడిందన్నమాట!

ఇలా చెప్పుకునేచోట ఒక చిక్కు వస్తుందని డాక్టర్లకి మొదట్లోనే తెలిసింది. రోజూ ఒకరి ఎదట మనసు విప్పుతుంటే వాళ్ళమీద ప్రేమ పుడుతుంది. అది రోగి తప్పు కాదు. ఎప్పుడో తల్లి మీదో తండ్రి మీదో ఉన్న మమకారం ఇప్పుడు వైద్యుడి మీదికి మళ్ళుతుంది. మరి వైద్యుడేం చెయ్యాలి? 1915లో ఫ్రాయిడ్ దీనిమీదే ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రేమని స్వీకరించకూడదు. కసిరి అణచకూడదు. అది తన అందచందాలు చూసి పుట్టిందని డాక్టరు మురిసిపోకూడదు. పోనీ, ఏదో కొంచెం ప్రేమ ఉన్నట్టు నటిస్తే? అదీ కూడదన్నాడు. ఈ వైద్యానికి పునాది నిజాయితీ, అబద్ధంతో నిజం బయటికి లాగలేమని ఆయన వాదన.

చూశారా? ఫ్రాయిడ్ ఏది చెయ్యొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాడో సరిగ్గా అదే సినిమా డాక్టరుగారి చికిత్స. అదీ తాను చెయ్యడు, జీతానికి పనిచేసే ఒక ఆడపిల్ల చేత చేయిస్తాడు. ఈ సంగతి తెలియని ఊళ్ళో పుట్టిన కథ కూడా కాదిది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపాడు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకి ఆ సంఘం వాళ్ళు దంతపు విష్ణుమూర్తి విగ్రహం కానుకగా పంపారు. ఆ నగరంలో పుట్టిన కథకి ఈ శాస్త్రం గాలి సోకకుండా ఎలా ఉంటుంది? సోకింది. కానీ తెల్లకోటు వేసుకుని మాట్లాడింది మాత్రం మన సామెతే. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు!

సైకోథెరపీ గదికి వెళ్ళినవాళ్ళు మొదట్లో కొంచెం నొచ్చుకుంటారు. ఇంత ఫీజేమిటి? ఎదురుగా గడియారమేమిటి? మన గోడు మధ్యలో ఉండగా "వచ్చేవారం మాట్లాడుకుందాం" అనడమేమిటి, మనసుంటే అంటారా? నాకూ అలాగే అనిపించేది. ఇప్పుడు ఆ గడియారం విలువ తెలుస్తోంది. అది రెండువైపులా ఉన్న మనుషుల్ని కాపాడే గోడ. మనోవిశ్లేషణ నేర్చుకునేవాళ్ళు ముందు తామే ఇంకొకరి దగ్గర కూర్చుని తమ మనసు విప్పుకోవాలి. కష్టమైన కేసు వస్తే పెద్దవాళ్ళతో చర్చించుకోవాలి. అంటే వైద్యుడికి కూడా ఒక చెవి ఉంటుంది. సినిమాలో నర్సుకి ఏముంది? గడియారం లేదు, గోడ లేదు, చెప్పుకోవడానికి చెవి లేదు. నాకు ఉత్తరం రాసినావిడకి అంతకంటే అన్యాయం. నర్సుకి జీతమైనా ఉంది, డ్యూటీ దిగితే ఇల్లయినా ఉంది. ఇంట్లోనే డ్యూటీ పడ్డవాళ్ళు దిగి ఎక్కడికి వెళ్ళాలి?

ఈ నేరం ఒక్క సినిమాదే అనడం అన్యాయం. మన నవలల సంగతి చూడండి. తెలుగులో మనసు లోతులు తవ్విన నవలలేవంటే ఎవరైనా వరసగా చెప్పేస్తారు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రావిశాస్త్రి 'అల్పజీవి', నవీన్ 'అంపశయ్య'. సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య, రవి. నలుగురూ మగవాళ్ళే. అవి గొప్ప పుస్తకాలు, వాటిని పల్లెత్తు మాట అనే అర్హత నాకు లేదు. కానీ కోమలీ, అమృతం, ఇందిర, కాత్యాయని దయానిధి మనసుకి అద్దాలుగా కనిపించినంతగా, వాళ్ళ మనసుకి దయానిధి అద్దం పట్టాడా? మనసు మగవాడిది, దాని మీద రాసే లేపనం ఆడది. ఈ పద్ధతి పెద్దలు నాటితే, వారపత్రికల్లో సీరియళ్ళు రాసే మాబోటివాళ్ళం నీళ్ళుపోసి పెంచాం. నేను రాసిన ఆ నాయిక గురించి ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఆ పిల్లకి రాత్రి నిద్రపట్టిందో లేదో ముప్ఫై వారాల్లో ఒక్క వారం కూడా నేను రాయలేదు.

ఇక సినిమా ముగింపుకి వస్తాను. నా అసలు తగాదా అక్కడుంది.

నర్సు మతి చలించింది. డాక్టరుగారు పశ్చాత్తాపపడతాడు. బాగానే ఉంది. ఒక్క మాట అడగనా? ప్రేమ కరువై మతి పోయినవాళ్ళకి ప్రేమ నటించడమే మందని కదా ఆయన సిద్ధాంతం! మరి ఆమె కోసం ఒక మగ నర్సుని ఎందుకు పిలిపించడు? "బాబూ, ఈ అమ్మాయికి నువ్వు ప్రియుడిగా నటించాలి" అని ఎవరితోనూ ఎందుకనడు? ఆ ఆలోచన ఆయనకి రాదు. దర్శకుడికి రాదు. హాల్లో కూర్చున్న మనకీ రాదు. మగవాడికి జబ్బు చేస్తే మందు ఆడది. ఆడదానికి జబ్బు చేస్తే మందు మూసిన తలుపు. హిందీలో ఆ తలుపు ఇవతల నిలబడి, నీకోసం ఎదురుచూస్తానంటాడు నాయకుడు. మంచివాడే. కానీ ఎదురుచూడడం వైద్యం కాదు. పైగా ఆ నలుపు తెలుపుల వెలుగునీడల్లో, హేమంత్ కుమార్ సంగీతంలో, ఆమె పతనం ఎంత అందంగా ఉంటుందంటే, అది త్యాగమనుకుని దండం పెట్టి బయటికొస్తాం. సినిమా మనచేత ఏడిపిస్తుంది. కోపం మాత్రం తెప్పించదు. కోపం రావలసిన కథ ఇది.

ఆ కథ నడిచిన రోజుల్లో వేరే దారులే లేవా అంటే, ఉన్నాయి. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్ అనే మందుని మానసిక రోగుల మీద వాడి మంచి ఫలితం చూశారు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ళ ఇంటివాళ్ళని కూడా ఉండనిచ్చాడు. జబ్బంటే ఏమిటో, ఇంటికి తీసుకెళ్ళాక ఎలా చూసుకోవాలో తల్లికీ తండ్రికీ అన్నదమ్ములకీ అక్కడే నేర్పేవారు. బరువు ఒక్కరి భుజం మీద కాదు, ఇంటిల్లిపాది మీదా పడేది. 1972లో లండన్ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. ఇంటికెళ్ళిన రోగికి జబ్బు తిరగబెట్టడానికి ఇంట్లోవాళ్ళ సాధింపులు ఎంత కారణమో, ఊపిరాడనివ్వని అతి మమకారం కూడా అంత కారణమవుతుందని. అంటే ప్రాణం పెట్టి చూసుకోవడం ఒక్కొక్కసారి రోగికీ మంచిది కాదన్నమాట.

అయినా మనవాళ్ళు డాక్టరు కంటే ముందు పురోహితుణ్ణి ఎందుకు పిలుస్తారో నాకు అర్థం కాకపోలేదు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. ఆసుపత్రి ఉన్న పాపానికి ఊళ్ళ పేర్లే తిట్లయిపోయాయి మనకి. చక్కెర జబ్బుకి బిళ్ళ మింగుతున్నామని పదిమందిలో చెబుతాం. మనసు జబ్బు బిళ్ళ మాత్రం బట్టల వెనకాల దాస్తాం. మనసు జబ్బున్నవాళ్ళు పెళ్ళే చేసుకోకూడదని నేననడం లేదు. చక్కగా మందు వాడుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లాపాపలతో ఉన్నవాళ్ళు ఎందరో. చెప్పి చేసుకోండి, వైద్యం మానకండి అంటున్నాను. దాచిపెట్టి మోసంతో చేసిన పెళ్ళిని రద్దు చెయ్యమని కోర్టుకి వెళ్ళే దారి 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనే ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, రోగికి భార్య కావచ్చు. మందుబిళ్ళ కాకూడదు.

చివరికి ఆవిడకి జవాబు రాశాను. పెద్దగా ఏమీ రాయలేదు. మీ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు, ఆ నాయికని నేను మధ్యలో వదిలేశాను, క్షమించండి అన్నాను. మీ ఆయనకి డాక్టరుని చూపించండి, ఆ మందులు మళ్ళీ మొదలుపెట్టించే భారం డాక్టరుకి వదిలెయ్యండి అన్నాను. మీకోసం మీరు కూడా ఒకసారి మాట్లాడండి, 14416కి ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు అన్నాను. సినిమా గురించి రాసి, ఆ గడియారం సంగతి కూడా రాశాను.

మొన్న మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఈసారి ఒక పేజీయే. ఆయన ఆసుపత్రికి వెళ్ళాడట. మొదట అత్తగారు అలిగారట, తరవాత మామగారు తోడు వెళ్ళారట. అన్నీ బాగయిపోయాయని ఆవిడ రాయలేదు, నేనూ అలా అనుకోవడం లేదు. ఆఖరున మాత్రం ఇలా ఉంది. "గురువారం మధ్యాహ్నం రెండు నించి నాలుగు దాకా మా అక్క వాళ్ళింటికి వెళ్తున్నానండీ. ఆ రెండు గంటలూ ఆయన్ని మామగారు చూసుకుంటారు. వెళ్ళేటప్పుడు గడియారం చూసుకుని వెళ్తున్నాను. వచ్చేటప్పుడు మాత్రం చూసుకోవడం లేదు."

ఈసారి కాఫీ వేడిగా ఉండగానే తాగాను.